కేసు కట్ట ఎవరిది?

ఈ శీర్షికకు మామూలుగా వచ్చేవి పొలం గట్ల తగాదాలు, మనోవర్తి, వీలునామాలు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మా వకీళ్ల మీదే ఉన్నాయి. "మీరూ ప్లీడరే కదమ్మా, మీవాళ్లను వెనకేసుకొస్తారేమో" అని ఒకాయన ముందే రాశారు. తెనాలి కోర్టులో 37 ఏళ్లుగా నల్లకోటు వేసుకుంటున్నాను. అన్నం పెట్టిన వృత్తి అది. అందుకే ఆ ఉత్తరాలు పక్కన పెట్టబుద్ధి కాలేదు. ఈసారి పేజీ మొత్తం వాటికే.

ప్రశ్న: మా నాన్న పోయాక అన్నదమ్ములు రెండున్నర ఎకరాల్లో నాకు భాగం ఇవ్వబోమంటే పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా వేశాను. నాలుగేళ్లయింది. వకీలు గారికి ఇప్పటికి 40 వేలు ఇచ్చాను, ఒక్కదానికీ రసీదు లేదు. ఎనిమిది వాయిదాలుగా ఆయన కోర్టుకే రావడం లేదు. వేరే వకీలును పెట్టుకుంటానంటే, "ఇంకో 25 వేలు ఇస్తేనే కేసు కాగితాల కట్ట ఇస్తా, ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం) మీద సంతకం పెడతా" అంటున్నారు. మా నాన్న పాత పాసు పుస్తకం, 1978 నాటి దస్తావేజు ఒరిజినల్స్ ఆయన బీరువాలోనే ఉన్నాయి. ఏం చెయ్యాలి? (పేరు వద్దన్నారు, మార్కాపురం)

జవాబు: ముందు ఒక మాట గుండెలో పెట్టుకోండమ్మా. ఆ కట్ట మీది. మీ నాన్నగారి దస్తావేజు మీది. వకీలు గారి బీరువాలో ఉన్నంత మాత్రాన ఆయన సొత్తు అయిపోదు. మీరు ఆయనకు వకాలత్, అంటే మీ తరపున వాదించే అధికారం, మాత్రమే ఇచ్చారు.

ఈ గొడవ మీతో మొదలైంది కాదు. భోపాల్‌లో ఒక సహకార బ్యాంకు తన న్యాయ సలహాదారును మార్చుకుంది. ఆయన 97 వేల పైచిలుకు ఫీజు బాకీ ఉందంటూ ఫైళ్లు పట్టుకుని కూర్చున్నారు. అదే ఆర్.డి. సక్సేనా కేసు. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు తేల్చేసింది: ఫీజు బాకీ ఉందని కక్షిదారు కాగితాలు అట్టిపెట్టుకునే హక్కు వకీలుకు లేదు, అలా చెయ్యడం వృత్తి దుష్ప్రవర్తన. వకీళ్ల నడవడి చూసే బార్ కౌన్సిల్ ఆయన్ని 18 నెలలు ప్రాక్టీసుకు దూరం పెట్టింది. అంతకుముందు ఈ విషయం మీద మన దేశంలో స్పష్టమైన తీర్పు లేదు కాబట్టి సుప్రీంకోర్టు శిక్షను మందలింపుకు తగ్గించింది. ఇప్పుడు 'నాకు తెలియదు' అనే వీలు ఏ వకీలుకూ లేదు. నిజంగా బాకీ ఉంటే ఆయన మీ మీద దావా వేసుకోవచ్చు, దారి అదొక్కటే.

ఇక చెయ్యాల్సింది. కాగితాలన్నీ ఫలానా తేదీలోగా ఇవ్వమని, ఇచ్చిన డబ్బుకు లెక్క చెప్పమని ఆయనకు ఉత్తరం రాసి రిజిస్ట్రేషనుతో స్పీడు పోస్టులో పంపండి. అందినట్టు వచ్చే రుజువు జాగ్రత్త. అందులో కోపం మాటలు వద్దు. ఏ కాగితాలు, ఎప్పుడు ఇచ్చారు, ఎంత డబ్బు, ఎవరి ఎదురుగా ఇచ్చారు, అంతే. ఎన్‌వోసీ లేకపోతే వకీలును మార్చుకోలేమని చాలామంది భయపడతారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ మూడో ఆర్డరు నాలుగో రూలు చూడండి: కోర్టు అనుమతితో, మీరు సంతకం చేసిన కాగితం దాఖలు చేసి పాత వకాలత్‌ను రద్దు చేసుకోవచ్చు. కొత్త వకీలు పాతాయనకు నోటీసు ఇచ్చి కోర్టుకు ఆ సంగతి చెబుతారు. దావా, ప్రతివాదుల జవాబు, డాకెట్ (ప్రతి వాయిదాకూ జరిగింది కోర్టు రాసే కాగితం) ఉత్తర్వులు, ఇవన్నీ కోర్టులోనే ఉంటాయి. నకళ్ల దరఖాస్తు పెడితే సర్టిఫైడ్ కాపీలు వస్తాయి. ఆయన బీరువా తెరిచేదాకా ఆగొద్దు. దస్తావేజు 1978 నాటిదైనా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరుకుతుంది. కానీ ఒరిజినల్స్ ఆయన దగ్గరున్నాయని మీ ఉత్తరంలో తప్పకుండా రాయండి. రేపు ఆయన 'నాకివ్వలేదు' అంటే ఆ ఉత్తరమే మాట్లాడుతుంది.

అప్పటికీ ఇవ్వకపోతే అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చెయ్యండి. ప్రాథమికంగా విషయం ఉందనుకుంటే వాళ్లు క్రమశిక్షణ సంఘానికి పంపుతారు. ఏడాదిలో తేలకపోతే ఆ ఫిర్యాదు ఢిల్లీలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. మందలింపు, కొంతకాలం సస్పెన్షన్, వకీళ్ల జాబితా (రోల్) నుంచి పేరు తీసెయ్యడం, ఈ మూడింటిలో ఏదైనా విధించవచ్చు. ఆలస్యం అవుతుంది, దాచిపెట్టి లాభం లేదు. అయినా పెట్టండి.

రసీదు సంగతి చెప్పకుండా ఉండలేను. నేను జూనియరుగా చేరినప్పుడు మా సీనియరు గారి బల్ల సొరుగులో పసుపు అట్ట రసీదు పుస్తకం ఒకటి ఉండేది. పార్టీ, అంటే కక్షిదారు, వంద రూపాయలిచ్చినా కార్బన్ పేపరు కింద పెట్టి రాసేవారు. స్టాంపులకు ఇంత, ప్రాసెస్ ఫీజుకు ఇంత, నా ఫీజు ఇంత అని విడివిడిగా. ఒకసారి కొల్లిపర నుంచి వచ్చిన ఒక రైతు "మీ మీద నమ్మకం లేకనా అయ్యా, కాగితం ఎందుకు" అన్నాడు. "నీ నమ్మకం కోసం కాదయ్యా, నేను చచ్చిపోతే నీ డబ్బు ఎక్కడుందో మావాళ్లకు తెలియాలిగా" అన్నారాయన. పార్టీ డబ్బుకు తేదీల వారీగా లెక్క రాసి ఉంచాలని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. ఆ సంగతి నేను పుస్తకంలో చదవకముందే ఆ పసుపు అట్టలో చూశాను. మీరు ఇకనుంచి ఎవరికి ఇచ్చినా ఫోన్‌పే, గూగుల్‌పే ద్వారానో, చెక్కు ద్వారానో ఇవ్వండి. రసీదు అడగడం అవమానం అనుకునే వకీలు దగ్గర కేసు పెట్టొద్దు.

ప్రశ్న: లారీ గుద్ది మా ఆయన చనిపోయాడు. ఇంకా ఆసుపత్రి మార్చురీ దగ్గర ఉండగానే ఒక మనిషి వచ్చి, "కేసంతా మేం చూసుకుంటాం, పైసా ఇవ్వక్కర్లేదు" అని కాగితాల మీద వేలిముద్రలు, సంతకాలు తీసుకున్నాడు. ఇప్పుడు నష్టపరిహారంలో నూటికి 30 వకీలుకట. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు కూడా ఆయన దగ్గరే ఉంది. ఇది మామూలేనా? (ఇద్దరు పిల్లల తల్లి, నల్లగొండ జిల్లా)

జవాబు: మామూలే. అదే నా బాధ. మామూలైపోయినంత మాత్రాన సక్రమం అయిపోదు తల్లీ.

కేసు ఫలితాన్ని బట్టి ఫీజు, వచ్చిన దాంట్లో వాటా, ఈ రెండూ మన దేశంలో వకీళ్లకు నిషేధం. ఇంకొకరిని మధ్యన పెట్టి కేసులు పట్టుకురావడం కూడా నిషేధమే. మీ కథలాంటి కథే తెలంగాణ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్తను రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకున్న ఒకావిడ దగ్గర, ఫీజు కింద వకీలు చెక్కు రాయించుకున్నారు. అది బౌన్స్ అయితే ఆవిడ మీదే కేసు పెట్టారు. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ చెక్కు కేసును కొట్టేసింది. పరిహారంలో శాతం లెక్కన ఫీజు అడగడం చట్టవిరుద్ధం, ప్రజావిధానానికి విరుద్ధం అంది. మీ ఖాళీ చెక్కు చూసి భయపడకండి. ఆ చెక్కు నంబరు రాసి, చెల్లింపు ఆపమని మీ బ్యాంకుకు లిఖితంగా ఇవ్వండి. ఎందుకు ఆపుతున్నారో కూడా ఆ కాగితంలో రాయండి. తిరిగి ఇమ్మని వకీలుకు ఉత్తరం పెట్టండి.

ఇక్కడ ఒక ప్రశ్న నన్నే అడుగుతారు: "డబ్బు లేనివాడికి శాతం పద్ధతే నయం కదా, గెలిస్తేనే ఇస్తాడు." చాలాకాలం నేనూ దీని మీద తర్జనభర్జన పడ్డాను. కానీ చూసింది వేరు. వాటా ఉన్న వకీలుకు మీ కేసు త్వరగా తెగడం ముఖ్యం, పూర్తిగా తెగడం కాదు. బీమా కంపెనీ తక్కువకు రాజీ అంటే ఎవరు ఊగిసలాడతారు? మీ పిల్లల చదువుకు దాచాల్సిన సొమ్ము మీద ఇంకొకరి కన్ను ఉంటే, ఆ కన్ను మీ తరపున ఎలా చూస్తుంది?

డబ్బు లేనివారికి ప్రభుత్వమే వకీలును ఇస్తుంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కార్మికులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితం. మీరు స్త్రీ కాబట్టి ఆదాయ ధ్రువపత్రం కూడా అక్కర్లేదు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది. 15100కు ఫోను చేసినా చెబుతారు. వచ్చే పరిహారం మీ పేరున, పిల్లల పేరున బ్యాంకులోనే పడేలా అడగండి. ఆ పాసు పుస్తకం ఎవరి చేతికీ ఇవ్వకండి.

ప్రశ్న: మా విడాకుల కేసులో నేను వకీలు గారికి మాత్రమే చెప్పిన విషయాలు ఒక పెళ్లిలో ఆయన గుమస్తా నోటి వెంట విన్నాను. అడిగే హక్కు నాకుందా? (భీమవరం)

జవాబు: ఉంది. కక్షిదారు వృత్తిపరంగా చెప్పుకున్న మాటను వకీలు బయటపెట్టకూడదు. పాత సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132వ సెక్షన్. గుమస్తాలకు, దుబాసీలకు కూడా అదే వర్తిస్తుంది. కేసు ముగిసినా ఆ బాధ్యత ముగియదు. నేరం చెయ్యడానికి సలహా అడిగితే మాత్రం ఆ రక్షణ ఉండదు. మీది అది కాదు. మొదట వకీలు గారితో ఒంటరిగా మాట్లాడండి. గుమస్తా నోరు అదుపులో పెట్టాల్సింది ఆయనే, జవాబుదారీ కూడా ఆయనదే.

ప్రశ్న: అమ్మా, నేను మూడేళ్ల సీనియారిటీ ఉన్న అడ్వకేటును. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్‌లో అసిస్టెంటుగా చేస్తున్నాను. మా ఊళ్లో ఆరేళ్ల పాప మీద అఘాయిత్యం జరిగింది. నిందితుడి తరపున ఎవరూ వకాలత్ వెయ్యకూడదని మా బార్ అసోసియేషన్ తీర్మానం చేసింది. ఇప్పుడు ఆ కేసు నాకు అప్పగించారు. మా అమ్మ అన్నం తినడం మానేసింది. మా వీధిలో వాళ్లు మొహం తిప్పేసుకుంటున్నారు. నాకూ ఒక చెల్లెలుంది. ఏం చెయ్యను? (ఊరు రాయొద్దన్నారు)

జవాబు: నాయనా, 'నువ్వు' అంటున్నందుకు ఏమీ అనుకోకు, నీది మా చిన్నవాడి వయసు. నీ ఉత్తరం రెండు రాత్రులు నా దిండు కింద ఉంది.

చట్టం చెప్పేది ముందు చెబుతాను. నిందితుడు నేరం చేశాడని మనకు అనిపించినా అనిపించకపోయినా అతని తరపున నిలబడాలన్నది బార్ కౌన్సిల్ నియమం. నచ్చిన వకీలుతో వాదించుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణలో ఉంది. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలి. మీ బార్ చేసినటువంటి తీర్మానాల గురించి 2010 డిసెంబరులో మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు చాలా గట్టిగా మాట్లాడింది. కోయంబత్తూరులో పోలీసులకూ వకీళ్లకూ గొడవై, పోలీసుల తరపున ఎవరూ వాదించకూడదని అక్కడి బార్ తీర్మానించిన సందర్భం అది. అలాంటి తీర్మానాలు రాజ్యాంగానికి విరుద్ధం, చెల్లవు అని కోర్టు ప్రకటించింది. కాబట్టి నిన్ను ఆపే కాగితం ఏదీ లేదు. నిన్ను ఆపుతున్నది మీ అమ్మ కంచం.

అందుకని ఒక సంగతి చెబుతాను. దాదాపు 20 ఏళ్ల కిందట ఇలాంటి కేసే నాకు వచ్చింది. పాపకు ఏడేళ్లు. నిందితుడు ఆ వాడలోనే ఉండే కూలివాడు. కోర్టే నన్ను నియమించింది. మా ఇంటికి పాలు పోసే ఆవిడ మర్నాటి నుంచి రాలేదు. మా ఆడపడుచు ఫోను చేసి, "వదినా, నీకు ఈ పాపిష్టి డబ్బు ఎందుకు" అంది. అప్పట్లో ప్రభుత్వం ఇచ్చిన ఫీజు బస్సు ఛార్జీలకు కూడా సరిపోలేదని ఆమెకు నేను చెప్పలేదు.

ప్రతి వాయిదాకూ నిందితుడి తల్లి కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద స్టీలు క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఎవరూ ఆమె పక్కన కూర్చునేవారు కాదు. ఒకరోజు పాప తల్లి కూడా అదే చెట్టు అటువైపున కూర్చుని ఉంది. మధ్యలో చెట్టు మాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నేను ఫైలు పట్టుకుని వరండాలో నిలబడి ఎటు దిగాలో తెలియక ఆగిపోయాను.

పాపను నేను ఎక్కువ అడగలేదు. ఆ బిడ్డ చెప్పింది అబద్ధమని నేను ఒక్క మాట అనలేదు. పోలీసులు రాసిన తేదీలు, బట్టలు సీజు చేసిన పంచనామా, ల్యాబుకు పంపడంలో ఆలస్యం, వీటి మీద అడగాల్సింది అంతా అడిగాను. దర్యాప్తు అధికారిని ఒక పూటంతా బోనులో నిలబెట్టాను. అతనికి శిక్ష పడింది. అప్పీలులో కూడా నిలిచింది. నిలవడానికి ఒక కారణం ఏమిటంటే, 'నా తరపున మాట్లాడేవాడే లేకపోయాడు' అని చెప్పుకునే సందు అతనికి మిగల్లేదు. ముద్దాయికి వకీలు లేకుండా నడిచిన విచారణ పైకోర్టులో పేకమేడలా కూలిపోతుంది. అప్పుడు ఆ పసిబిడ్డ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. మీ అమ్మగారితో ఈ ముక్క చెప్పు.

ఇంకో సంగతి, నీ హద్దులు. ఇప్పుడు పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 33వ సెక్షన్ ఉంది. బిడ్డను నువ్వు నేరుగా ప్రశ్నించకూడదు. ప్రశ్నలు కోర్టుకు ఇవ్వాలి, జడ్జి గారు అడుగుతారు. దబాయించే ప్రశ్నలు, శీలం మీద మచ్చ వేసే ప్రశ్నలు కోర్టు ఒప్పుకోకూడదు. చట్టం లేకపోయినా నువ్వు అడగకూడదు. ముద్దాయి నీ దగ్గర ఒప్పుకున్నాడనుకో, అది నీ కడుపులోనే ఉండాలి. కానీ ఒప్పుకున్నాక అతను ఆ రోజు ఊళ్లోనే లేడని దొంగ సాక్షిని నువ్వు నిలబెట్టకూడదు. ప్రాసిక్యూషన్ తన కేసు రుజువు చేసిందా లేదా అని నిలదియ్యడం నీ పని. అబద్ధం అల్లడం నీ పని కాదు. ఈ రెంటి మధ్య గీత సన్నగా ఉంటుంది. ప్రతిరోజూ చూసుకుంటూ ఉండాలి.

ఇలా నిలబడినవాళ్లు మనవాళ్లలోనే ఉన్నారు. 1911లో తిరునెల్వేలి కలెక్టరు ఆష్‌ను కాల్చి చంపిన కేసులో, తెల్లదొరలకు కోపం వస్తుందని వకీళ్లు జంకుతున్న రోజుల్లో, ఒక ముద్దాయి తరపున మద్రాసులో వాదించింది మన టంగుటూరి ప్రకాశం పంతులు గారు. హైదరాబాద్‌లో కె.జి. కన్నబిరాన్ గారు కుట్ర కేసుల ముద్దాయిల తరపున ఏళ్ల తరబడి నిలబడ్డారు. ముంబయి దాడి కేసులో కసబ్‌కు కూడా కింది కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వకీళ్లు ఉన్నారు. అందుకే 2012లో ఆ తీర్పు మీద ప్రపంచం ముందు మనం తల దించుకోవాల్సిన పని లేకపోయింది.

ఇది చెప్పడం నాకు తేలిక అనుకోకు. చుండూరు మా తెనాలికి దగ్గరే. 1991 ఆగస్టు 6న అక్కడ దళితులను నరికి చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించి 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ముద్దాయిల తరపు వకీళ్లను బార్ గదిలో చూసినప్పుడు నా ప్రాణం ఎలా ఉండేదో నాకే తెలుసు. అయినా వాళ్లకు వకీలు ఉండకూడదని ఒక్కరోజు కూడా అనలేదు. బాధితుల వైపు వకీలు ఇంకా గట్టిగా ఉండాలని అన్నాను. బొజ్జా తారకం గారు అలా నిలబడ్డారు. 1985లో కారంచేడులో దళితులను చంపిన ఘోరం తరవాత ఆయన హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవినే వదులుకున్నారు. కాబట్టి నీ మనస్సాక్షి ఎదురుతిరిగితే, ఈ కేసు సరిగ్గా చెయ్యలేనని నీకు నిజంగా అనిపిస్తే, ఇప్పుడే మీ చీఫ్‌తో చెప్పి తప్పుకో. తప్పేమీ లేదు. ఒప్పుకుని అరమనసుతో చెయ్యడం మాత్రం తప్పు. అది పాపకూ అన్యాయమే, వాడికీ అన్యాయమే.

నాకు పాలు పోసే ఆవిడ ఎనిమిది నెలల తరవాత తిరిగొచ్చింది. తన అల్లుడి మీద పోలీసులు దొంగతనం కేసు పెట్టారు. ఏమీ మాట్లాడకుండా గుమ్మంలో నిలబడింది. నేను వకాలత్ ఫారం తీశాను.

ప్రశ్న: వకీలు హాజరు కాక మా కేసు ఎక్స్‌పార్టీ డిక్రీ (మా వాదన వినకుండానే తీర్పు) అయింది. వినియోగదారుల ఫోరంలో వెయ్యొచ్చా? (ఆదోని)

జవాబు: కుదరదండీ. వకీళ్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుతో నాకు పూర్తి ఏకీభావం లేదు, కానీ తీర్పు తీర్పే. బార్ కౌన్సిల్ ఫిర్యాదు, సివిల్ దావా, ఈ దారులు తెరిచే ఉన్నాయి. వాటికన్నా ముందు డిక్రీ తేదీ చూసుకోండి. రద్దు చెయ్యమని పిటిషన్ వెయ్యడానికి 30 రోజులే గడువు. దాటిపోతే ఆలస్యం మన్నించమని ఇంకో పిటిషన్ కలిపి వెయ్యాలి. వకీలు తప్పుకు అమాయకుడైన కక్షిదారు నష్టపోకూడదని 1981లోనే సుప్రీంకోర్టు రఫీక్ కేసులో అంది. మీ కొత్త వకీలుకు ఆ పేరు చెప్పండి. ఇకనుంచి ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఉండే నంబరు) కొట్టి ప్రతి వాయిదా మీరే చూసుకోండి.

ప్రశ్న: నేను రిటైర్డు టీచరును, 74 ఏళ్లు. ఒక ప్రామిసరీ నోటు కేసులో సాక్షిని. హైదరాబాదులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. సాక్ష్యం చెప్పడానికి మూడుసార్లు గుంటూరు వచ్చాను. మూడుసార్లూ వకీళ్లు విధుల బహిష్కరణ. వాళ్ల కారణాలు వాళ్లకు ఉండొచ్చు. నా మోకాళ్ల మాట ఎవరికి చెప్పుకోను?

జవాబు: మాస్టారూ, మీకు క్షమాపణ చెప్పాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో బార్ పిలిచిన ప్రతి బహిష్కరణలోనూ గేటు దగ్గర నిలబడ్డాను. ఒక శుక్రవారం అలా నిలబడి ఉంటే నా పార్టీ భార్య వచ్చింది. అతను సబ్‌జైల్లో ఉన్నాడు. ఆ రోజు బెయిలు వినాలి. ఇద్దరు జామీనుదార్లను వేమూరు నుంచి ఆటోలో తీసుకొచ్చింది. ఇద్దరూ కూలి మానుకుని వచ్చారు. ఇంటిపన్ను రసీదులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి గుండెకు అదుముకుని ఉంది. "ఇవ్వాళ లేదమ్మా, సోమవారం రా" అన్నాను. ఆమె నన్నేమీ అనలేదు. కవరు మడిచి జాకెట్టులో పెట్టుకుని వెళ్లిపోయింది. సోమవారం జామీనుదార్లలో ఒకడు రాలేదు, రెండో రోజు కూలి పోగొట్టుకోలేక. అతను ఇంకో వారం లోపలే ఉన్నాడు. ఆ తరవాత నేను ఏ బహిష్కరణలోనూ బయట నిలబడలేదు. అందుకు బార్‌లో పడ్డ మాటలు పడ్డాను.

2002 డిసెంబరులో హరీష్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు వకీళ్లకు సమ్మె చేసే హక్కు గానీ, కోర్టులు బహిష్కరించే హక్కు గానీ లేదని చెప్పింది. నిరసన తెలపాలంటే పత్రికా ప్రకటన, ప్లకార్డులు, నల్ల బ్యాడ్జీలు, కోర్టు ఆవరణ బయట ధర్నాలు ఉన్నాయి. అంతకు రెండేళ్ల ముందు, 2000లో, సమ్మెవల్ల కక్షిదారుకు నష్టం కలిగితే ఆ ఖర్చు వకీలు చేత కట్టించవచ్చని కూడా అంది. చట్టం ఇంత స్పష్టంగా ఉండి 20 ఏళ్లు దాటినా మీరు మూడుసార్లు వెనక్కి వెళ్లారంటే, లోపం మా దగ్గరే ఉంది. వకీళ్ల బాధలు నిజం. దాడులు జరుగుతాయి. జూనియర్లకు నెలకు ఇంటద్దె కూడా రాదు. ఆ బాధ చెప్పుకోవడానికి మీ మోకాళ్లు ఎక్కి నిలబడనక్కర్లేదు.

వచ్చే వాయిదాకు ఇలా చెయ్యండి. మిమ్మల్ని పిలిపించిన పార్టీ వకీలుతో ముందే మాట్లాడి, మీ వయసు, ఆరోగ్యం చెబుతూ వీడియో కాన్ఫరెన్సు ద్వారా గానీ, కోర్టు నియమించే కమిషనరు ద్వారా గానీ సాక్ష్యం తీసుకోమని పిటిషన్ వేయించండి. డాక్టరు సర్టిఫికెట్టు జతచెయ్యండి. అది తేలేలోపు రావాల్సివస్తే, కేసు పిలిచినప్పుడు వకీళ్లు లేకపోయినా మీరే బెంచి ముందుకు వెళ్లి నిలబడండి. ఫలానా సాక్షిని, హైదరాబాదు నుంచి వచ్చాను, ఇది నాలుగోసారి అని చెప్పండి. మీ హాజరు డాకెట్‌లో రాయమని అడగండి. బస్సు టికెట్లన్నీ ఒక కవర్లో దాచి ఉంచండి, బత్తా అడిగేటప్పుడు కావాలి. పైమెట్టు ఎక్కడం కష్టమైతే కింద వరండాలో ఉన్న డఫేదారుతో కబురు పంపండి, జడ్జి గారు చూస్తారు. వచ్చే ముందు రోజు సాయంత్రం ఎవరికైనా ఫోను చేసి కోర్టు నడుస్తుందో లేదో కనుక్కోండి. అంతగా ఎవరూ దొరక్కపోతే పత్రిక ఆఫీసులో నా నంబరు అడిగి నాకే చెయ్యండి, గుంటూరులో ఉన్న నా జూనియరును పంపి కనుక్కుని చెబుతాను.